పల్లెల పద్దు వ్రాసిన కుమారప్ప

మహనీయుల చరిత్రలు చెప్పవలసి వచ్చినప్పుడు దూరదేశముల వారిని తలచుకొనుట మనకు అలవాటు. పొరుగూరిలో నివసించిన వారిని అంత సులభముగా తలచుకొనము. విరుదునగరమునకు వాయవ్యమున, తిరుమంగళమునుండి రాజపాళయమునకు పోవు బాటపై టి. కల్లుపట్టి యను ఊరు కలదు. మనలో పెక్కురు ఆ ఊరి మీదుగా బస్సులో పోయినవారే. దిగి చూచినవారు కొందరే. 1940లో జి. వెంకటాచలపతిగారు స్థాపించిన గాంధీనికేతనాశ్రమము అచటనే యున్నది. లండనులో లెక్కల పరీక్షలు నెగ్గి, అమెరికాలో రెండు పట్టములు పొంది, బొంబాయిలో ఆడిటరుగా పేరు తెచ్చుకొని, ఆ సమస్తమును విడిచి పల్లెల మేలునకై పాటుపడిన ఒక మహనీయుడు తన కడపటి యేండ్లు ఆ ఆశ్రమముననే గడపెను. ఆయనయే జె. సి. కుమారప్ప.

నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినది ఆంధ్రదేశమున. అచట నుండగా కుమారప్ప పేరు పుస్తకములలో చూచితిని గాని, ఆయన నివసించిన చోటు ఇంత దాపున నున్నదని ఈ ప్రాంతమునకు వచ్చిన పిదపనే తెలిసికొంటిని.

బడిపిల్లలకు తోటపని, ఎరువు తయారుచేయుట, తాటాకుపని వంటివి నేర్పవలెనని అన్నప్పుడెల్ల కొందరు తల్లిదండ్రులు సందేహింతురు. తాము ఎండలో పడిన కష్టము బిడ్డలు పడకూడదనియే గదా వారిని బడికి పంపినది అని వారి మాట. ఆ మాటలో న్యాయమున్నది. దానికి వాదముతో సమాధానము చెప్పుటకంటె ఒక జీవితముతో చెప్పుట మేలని తలచి ఈ చరిత్ర వ్రాయుచున్నాను.

బాల్యము, విద్య

1892 జనవరి 4వ తేదీన తంజావూరులో ఒక క్రైస్తవ కుటుంబమున ఆయన జన్మించెను. తండ్రి సాలమన్ దొరసామి కార్నీలియస్ ప్రభుత్వ పబ్లిక్ వర్క్సు శాఖలో ఉద్యోగి. తల్లి ఎస్తేరు రాజనాయకం. బిడ్డకు పెట్టిన పేరు జోసఫ్ చెల్లదొరై కార్నీలియస్. కుటుంబము చదువుకొన్నది, దైవభక్తి, క్రమశిక్షణ గలది. తెల్లదొరల తీరున దుస్తులు ధరించుట, ఆంగ్లమున మాటలాడుట ఆ కాలపు అట్టి కుటుంబములలో సహజమై యుండెను.

యువకుడైన పిమ్మట ఆయన లండను నగరమునకు పోయి లెక్కల తనిఖీ విద్య నభ్యసించెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమంతయు ఆయన అచటనే గడపెను. 1919లో స్వదేశమునకు మరలి వచ్చి బొంబాయిలో ఆడిటరు వృత్తి నారంభించెను. ఇతరుల లెక్కలు చూచి, ఎచట సొమ్ము వచ్చినది, ఎచటకు పోయినది, పద్దునకును సరకునకును పొందిక యున్నదా లేదా అని తేల్చుట ఆయన పని. ఈ అలవాటును ఆయన కడవరకు విడువలేదు. పద్దు పుస్తకము మాత్రము మారెను.

1927లో ఆయన అమెరికా వెళ్లెను. సిరక్యూస్ విశ్వవిద్యాలయమున వాణిజ్య నిర్వహణలో పట్టము పొంది, పిదప న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున ప్రభుత్వ ఆదాయవ్యయముల శాస్త్రమును చదివెను. ఆ దినములలో ఒక చర్చిలో ఆయన భారతదేశము ఎందుచేత బీదదైనదో వివరించుచు ఉపన్యసించెను. ఆ వార్త పత్రికలో వచ్చెను. ఆయన గురువు, ఆర్థికశాస్త్రమున గొప్ప పండితుడు, సెలిగ్మన్ దానిని చదివి, ఆ విషయమునే పరిశోధనకు తీసికొమ్మని చెప్పెను. అంతవరకు ఇంగ్లీషు పాలన మంచిదనియే తలచిన ఆ యువకుడు అంకెలను కూర్చి చూచెను. ప్రజలనుండి పన్నుగా వసూలైన సొమ్ము ప్రజల మేలునకు ఎంత తక్కువగా ఖర్చగుచున్నదో, సైన్యమునకు, అప్పులకు, దొరల జీతములకు ఎంత పోవుచున్నదో ఆ లెక్కయే ఆయనకు చెప్పెను. ఎవరి ఉపన్యాసము విని కాదు, తాను వేసిన కూడిక తీసివేతలవలననే ఆయన దేశభక్తుడయ్యెను.

సబర్మతి చెట్టునీడ

1929లో మరలి వచ్చిన పిదప తన పరిశోధన గ్రంథమును అచ్చువేయించు ప్రయత్నములో నుండగా, గాంధీజీకి చూపుట మంచిదని మిత్రులు సలహా యిచ్చిరి. ఆ సంవత్సరము మే 9వ తేదీ మధ్యాహ్నము ఆయన సబర్మతి ఆశ్రమమునకు పోయెను. ఒంటిపై దొరల దుస్తులు, చేతిలో కర్ర. నిర్ణయించిన సమయమునకు ముందే చేరుటచే అటునిటు తిరుగుచుండగా, ఒక చెట్టుక్రింద పేడతో అలికిన నేలపై కూర్చుండి నూలు వడుకుచున్న వృద్ధుడు కనబడెను. అట్టి పనిని అంతవరకు చూచి యెరుగని కుమారప్ప కొంతసేపు నిలువబడి వింతగా చూచెను. ఆయనయే గాంధీజీ యని తెలియగానే, నలుగునేమో యని చూడక ఆ పట్టు దుస్తులతోనే నేలపై కూర్చుండెను.

గాంధీజీ ఆ గ్రంథమును చదివి మెచ్చి, తన యంగ్ ఇండియా పత్రికలో వరుసగా ప్రకటింప నొప్పుకొనెను. అంతతో విడువక, గుజరాతు పల్లెలలో తిరిగి వారి ఆదాయ వ్యయములను లెక్కగట్టి యిమ్మని కోరెను. ఆ కాలముననే ఆయన దొరల దుస్తులను విడిచి ఖద్దరు కట్టెను. కార్నీలియస్ అను పేరును విడిచి కుమారప్ప అను తమ వంశపు పాత పేరును మరల ధరించెను. మతము మార్చుకొనలేదు, తుదివరకు క్రీస్తుభక్తుడుగనే యుండెను. తన మూలమును గుర్తుచేయు పేరు నాలుకపై ఉండుట అవసరమని మాత్రము తలచెను. ఇంట తెలుగు, వీధిలో తమిళము పలుకుచు పెరుగు మన బాలబాలికలు ఈ విషయమును గమనింతురు గాక.

మాతర్ తాలూకా

ఖేడా జిల్లాలోని మాతర్ తాలూకాను పరిశీలింపవలెనని నిర్ణయమయ్యెను. ఆయనకు గుజరాతీ రాదు, హిందీయు రాదు. భాష రానివాడు రైతు యింటి గుట్టు ఎట్లు తెలిసికొనునని అచటి విద్యాపీఠపు పెద్దలకు సందేహము కలిగెను. కుమారప్ప వెనుదీయలేదు. గుజరాత్ విద్యాపీఠ విద్యార్థులను దుబాసులుగా వెంటబెట్టుకొని ఊరూర తిరిగెను. వానకును ఎండకును జంకక, ఎంత భూమి, ఎన్ని పశువులు, ఎంత పంట, ఎంత అప్పు, ఎంత శిస్తు అని ఇంటింట అడిగి వ్రాయించెను. సేద్యపు ఖర్చులు పోగా పెక్కు కుటుంబములకు శిస్తు కట్టుటకైనను మిగులుట లేదని ఆ లెక్కలు చూపెను. ఈ పరిశీలన 1931లో పుస్తకముగా వెలువడెను.

ఆ విద్యార్థులకు అది గొప్ప పాఠము. తాము పుట్టిన పల్లెలనే వారు క్రొత్తగా చూచిరి. చదువనగా ఊరు విడుచుటకు దారి మాత్రమే కాదు, ఊరిని తెలిసికొనుటకును సాధనమని వారికి తెలిసినది.

1930లో గాంధీజీని నిర్బంధించినప్పుడు యంగ్ ఇండియా సంపాదక భారము కుమారప్పపై పడెను. వ్రాతలవలన 1931లో చెరసాలకు పోయెను. 1932లో మరల పోయెను.

నిధి లెక్కలు

1934 జనవరి 15వ తేదీన బీహారులో ఘోరమైన భూకంపము వచ్చెను. బాబూ రాజేంద్రప్రసాదుగారి నాయకత్వమున సహాయసంఘ మేర్పడి, దేశము నలుమూలలనుండి విరాళములు వచ్చి చేరెను. ఆ సొమ్మునకు లెక్కచూచు బాధ్యత కుమారప్పకు అప్పగింపబడెను. ఆయన ఎంత కఠినుడనగా, గాంధీజీ పరివారముతో అచటకు వచ్చినప్పుడు వారి ఖర్చులు సహాయనిధినుండి ఇచ్చుటకు వీలుపడదని చెప్పివేసెను. గాంధీజీ కోపింపక ఆ నియమమును మన్నించెను. దానమిచ్చినవాడు ఇండ్లు కూలినవారి కొరకు ఇచ్చెనే గాని నాయకుల కొరకు ఇవ్వలేదని కుమారప్ప తలపు. ఆయన మాట కటువు, కోపము త్వరగా వచ్చును. అయినను ఆ కోపము ఒకరి సొమ్ము మరియొకరికి పోవుట చూచినప్పుడే ఎక్కువగా కనబడెడిది.

మగన్‌వాడి పనిశాలలు

1934 డిసెంబరు 14వ తేదీన వార్ధాలో అఖిలభారత గ్రామోద్యోగ సంఘము స్థాపింపబడెను. నూలు వడుకుట, నేత తప్ప పల్లెలలోని తక్కిన వృత్తులను బాగుపరచుట దీని పని. జమ్నాలాల్ బజాజ్ తన తోటను, ఇంటిని సంఘమునకు సమర్పించెను. గాంధీజీకి కుడిభుజమై యుండి గతించిన మగన్‌లాల్ గాంధీ పేర దానికి మగన్‌వాడి అని పేరుపెట్టిరి. కుమారప్ప ఆ సంఘమునకు కార్యదర్శి. అనగా పాకశాల మొదలు పద్దుపుస్తకము వరకు సర్వము ఆయన భారమే.

అచట గ్రామసేవకులకు ఒక శిక్షణాలయము నడచెను. వేరువేరు రాష్ట్రములనుండి యువకులు వచ్చి, కొన్ని నెలలు పని నేర్చి తమ ఊళ్లకు పోవుచుండిరి. నల్లబల్లపై పాఠము వినుటతో సరిపోదు. గానుగ త్రిప్పవలెను, వడ్లు దంపవలెను, కాగితపు గుజ్జు దంచవలెను, తేనెటీగల పెట్టె తెరచి చూడవలెను, పాకీపనియు చేసి ఆ మలమును ఎరువుగా మార్చవలెను. ఏ పనియు హీనము కాదని నోటితో చెప్పుట సులభము. అచట చేతితో చెప్పించిరి.

ఈ పనులలో ఆయన చూచిన లెక్క యెట్టిదో కొన్ని ఉదాహరణములతో తెలిసికొందము.

గానుగ సంగతి చూడుడు. మన నల్లరేగడిలో నువ్వులు పండును. ఆ నువ్వులు దూరపు మిల్లునకు పోయిన యెడల డబ్బాలో నూనె మరల వచ్చునే గాని తెలగపిండి రాదు. ఊరి గానుగలో ఆడించినచో నూనె ఇంటికి, తెలగపిండి ఎద్దునకు, ఎద్దు పేడ పొలమునకు చేరును. గానుగవాని కూలి ఊరిలోనే యుండును. మిల్లు నూనె ఒక కాసు చవుక కావచ్చును. కాని పశువు తినవలసినదియు, పొలమునకు రావలసినదియు, కూలివానికి దక్కవలసినదియు కలిపి చూచినచో ఏది చవుకయో ఆలోచింపుడని కుమారప్ప వాదము. అంగడి చీటీలో కనబడని ఖర్చులను గూడ పద్దులో చేర్చుటయే ఆయన విద్య. అట్లని పాత గానుగనే పట్టుకొని వ్రేలాడమనలేదు. ఎద్దునకు శ్రమ తగ్గునట్లు, నూనె మిక్కుటముగా దిగునట్లు గానుగను బాగుచేయించెను.

బియ్యము సంగతియు అట్టిదే. మిల్లులో తెల్లగా పాలిషు పెట్టిన బియ్యమునుండి తవుడంతయు పోవును. తవుడుతోపాటు దేహమునకు ముఖ్యమైన బి విటమిను పోవును. అది లోపించినచో బెరిబెరి వంటి వ్యాధులు కలుగును. దంపుడు బియ్యములో ఆ సారము చాలవరకు నిలుచును. తెలుపు చూచి వెల యిచ్చి, పోయిన సారమును మందులసీసాలో మరల కొనుట ఎట్టి లెక్కయని ఆయన అడిగెడివాడు.

తాటిచెట్టు ఆయనకు ప్రీతిపాత్రము. సాత్తూరు, కోవిల్‌పట్టి, తూత్తుకుడి ప్రాంతములలో పెరిగిన మీకు తాడిని గూర్చి చెప్పనక్కరలేదు. ఇది నేడు తమిళనాడు రాష్ట్ర వృక్షము. చెరకునకు మంచి నేల కావలెను, విస్తారముగా నీరు కావలెను. తాడి పడావు నేలలో, గట్టుపై, ఎవరును నీరు పోయకయే పెరుగును. పూగెల చివర చెక్కి, లోపల సున్నము పూసిన ముంతను కట్టినచో, రసము పులియక తియ్యగా దిగును. దానిని వెడల్పు పాత్రలో కాచి చిక్కబరచి కొబ్బరిచిప్పలలో పోసినచో తాటిబెల్లమగును. తీపి తాటినుండి వచ్చినచో చెరకు పండెడి మంచి నేలలో తిండిగింజలు పండించుకొనవచ్చును గదా అని కుమారప్ప లెక్క. కల్లు మానినవాని జీవనమును పోగొట్టక మార్చుటకు గూడ ఇది దారియయ్యెను.

పల్లెలలో కిరసనాయిలు కొనలేని వారికై, ఊరిలో దొరకు తినుటకు పనికిరాని గింజల నూనెతో వెలుగునట్టి లాంతరును అచట తయారుచేసిరి. దానికి మగన్ దీపమని పేరు. పొయ్యి పొగతో కన్నులు మండు స్త్రీలకై మగన్ చుల్లా యను పొగరాని పొయ్యిని రూపొందించిరి. పాత గుడ్డలు, గడ్డి నానబెట్టి దంచిన గుజ్జుతో చేతికాగితము చేసి, సంఘపు ప్రచురణలను దానిపైననే అచ్చువేసిరి. గ్రామోద్యోగ పత్రిక యను మాసపత్రికలో ఈ ప్రయోగముల ఫలితములు అందరికిని తెలిపిరి. 1938 డిసెంబరులో గాంధీజీ మగన్ సంగ్రహాలయమును ప్రారంభించెను. అది పాత వస్తువులను దాచు కొట్టుగా గాక, పల్లెవాడు వచ్చి చూచి తన పనిముట్టును బాగుచేసికొనుటకు ఏర్పడినది.

తల్లిదండ్రుల సందేహమునకు సమాధానము ఇచటనే కొంత దొరకుచున్నది. కుమారప్ప పిల్లలను పాత కష్టములోనికి మరల నెట్టలేదు. కష్టము ఎచట వ్యర్థమో అచట తగ్గించెను. చదువుకొన్న బుద్ధిని చేతిపని దగ్గరకు తీసికొనివచ్చెను. చదువురానివాని చేతిలో విడిచిన పని ఎదుగదు. చేతిపని యెరుగని చదువు నిలువదు. ఈ రెంటిని కలుపుటయే మగన్‌వాడి పాఠము.

చెరసాలలో పుట్టిన గ్రంథములు

1942 ఉద్యమ కాలమున ఆయనకు మరల కారాగారవాసము ప్రాప్తించెను. జబ్బలపూరు చెరలో నుండి ఆయన రెండు గ్రంథములు రచించెను. ఒకటి క్రీస్తు ఆచరణను, బోధలను గూర్చినది. రెండవది శాశ్వత ఆర్థిక వ్యవస్థను గూర్చినది. 1945లో వెలువడిన ఈ రెంటికిని గాంధీజీ పీఠిక వ్రాసి, విశ్వవిద్యాలయము లిచ్చు బిరుదుల వలెనే ఒకదానికి దైవశాస్త్రమున, రెండవదానికి గ్రామోద్యోగములందు డాక్టరు పట్టములను చమత్కారముగా ప్రసాదించెను.

రెండవ గ్రంథములోని తలపును మీకు సులభముగా చెప్పుదును. ప్రకృతిలో ప్రాణులు బ్రతుకు తీరులు కొన్ని విధములు. పులి ఇతర ప్రాణిని చంపి బ్రతుకును. కోతి తాను నాటని తోటలో పండ్లు తినును. చెట్టును చంపదు గాని దానికేమియు ఈయదు. తేనెటీగ తాను శ్రమించి తేనె కూర్చును, తన కొరకే గాక పట్టునంతటి కొరకు కూర్చును. పూవునకు పుప్పొడి చేర్చి మేలు గూడ చేయును. తల్లిపక్షి ప్రతిఫల మాశింపక పిల్లల నోట ఆహారము పెట్టును. మానవసంఘములును ఈ మెట్లలో ఏదో ఒకదానిపై నిలిచియుండును. పై మెట్టునకు పోవుటయే నాగరకత.

ఆయన మరియొక విభాగమును చూపెను. బొగ్గు, రాతినూనె, ఇనుము వంటివి గాదెలోని గింజల వంటివి, తీసినకొలది తరుగును. అడవి, పైరు, వాన, పశువు వంటివి ఏటేట వచ్చు పంట వంటివి. పెరిగినంత మేరకే వాడుకొన్నచో ఎన్నటికిని తరుగవు. గాదెను నమ్ముకొన్న జనులు గాదె తరిగినకొలది దానికై పోట్లాడుదురు. ఏటి పంటను నమ్ముకొన్న జనులకు పోరాట మక్కరలేదు. నేడు ప్రపంచమంతయు భూతాపమును గూర్చియు, తరుగుచున్న నిధులను గూర్చియు చర్చించుచున్నది. ఆ మాట నాడే, ఎనిమిది దశాబ్దములకు పూర్వమే, ఒక చెరసాల గదిలో వ్రాయబడినది. 1973లో చిన్నదియే సుందరమను భావముతో ప్రసిద్ధ గ్రంథమును వ్రాసిన షూమేకర్ పండితుడు కుమారప్పను అందులో ప్రమాణముగా పేర్కొనెను.

స్వాతంత్ర్యము పిదప

1947లో స్వాతంత్ర్యము వచ్చెను. కాంగ్రెసు నియమించిన వ్యవసాయ సంస్కరణ సంఘమునకు కుమారప్ప అధ్యక్షుడయ్యెను. దున్నువానికే భూమి చెందవలెననియు, రైతుకును ప్రభుత్వమునకును నడుమ దళారు లుండరాదనియు 1949లో సమర్పించిన నివేదికలో ఆ సంఘము సూచించెను. కాని దేశము పెద్ద యంత్రములవైపు, పెద్ద ఆనకట్టలవైపు నడచెను. పెద్ద యంత్రములు తప్పనిసరియైన చోట అవి ప్రభుత్వపు చేతిలో ఉండవచ్చునని ఆయనయు ఒప్పుకొనెను. తిండి, బట్ట, ఇల్లు వంటి నిత్యావసరములు మాత్రము పల్లెలోనే తయారుకావలెనని పట్టుపట్టెను. ఆయన సలహాలు పెక్కు కాగితములపైననే నిలిచెను. తన పాత సహచరులే మంత్రులై తన మాట వినకుండుట ఆయనకు నొప్పి కలిగించెను. ఆయన ఓటమి పాలయ్యెనని అనిన అబద్ధము కాదు.

వార్ధాకు సమీపమున సేల్దోహ్‌లో పన్నై ఆశ్రమము నెలకొల్పి సేద్యపు ప్రయోగములు చేసెను. చైనా, జపాను, సోవియట్టు దేశములకు పోయి అచటి పల్లెలను చూచి వచ్చెను. రక్తపు పోటుచే ఆరోగ్యము చెడగా, 1950 దశకమున వార్ధాను విడిచి దక్షిణమునకు మరలి కల్లుపట్టి గాంధీనికేతనములో నివాస మేర్పరచుకొనెను. ఆయన బ్రహ్మచారి, ఆస్తి లేదు. చిన్న గదిలో ఒక బీద పల్లెవాని చిత్రము ఉండెడిదని, ఆతనినే తన గురువైన గాంధీజీకి గురువుగా ఆయన చెప్పుకొనెడివాడని ప్రసిద్ధి. ఖద్దరు, గ్రామోద్యోగములు, చేతిపనితో ముడివడిన ఆధారవిద్య సాగుచున్న ఆ ఆశ్రమములో, పని నేర్వవచ్చిన యువకుల నడుమ ఆయన తుది దినములు గడచెను. 1960 జనవరి 30వ తేదీన, గాంధీజీ అస్తమించిన దినముననే, 68 ఏండ్ల వయసున ఆయన దేహము చాలించెను.

మన నేల, మన మాట

ఆ విత్తనము చచ్చెనా? కోవిల్‌పట్టినే చూడుడు. 1960 దశకమున కోవిల్‌పట్టి వ్యవసాయ పరిశోధనా కేంద్రములో నమ్మాళ్వార్ అను యువ శాస్త్రజ్ఞుడు పనిచేసెను. ఆయనయు కుమారప్ప వలెనే తంజావూరు ప్రాంతమువాడు. కావేరి నీటి నేలనుండి వాననే నమ్ముకొన్న ఈ రేగడి నేలకు వచ్చినవాడు. ఖరీదైన విత్తనములు, రసాయనపు ఎరువులు మెట్టరైతును అప్పుపాలు చేయుచున్నవని గ్రహించి, 1969లో ఆ ఉద్యోగమును విడిచెను. పిదప జీవితమంతయు ప్రకృతి సేద్యమును బోధించుచు కాలినడకను ఊరూర తిరిగెను. కుమారప్ప తలపులు ఆయనకు దారిచూపిన వానిలో నున్నవి. కరూరు జిల్లా కడవూరు ప్రాంతమున ఆయన నెలకొల్పిన వానగములో రైతులు, యువకులు కూడి విత్తనముల దాపు, ఎరువుల తయారీ, నేల తేమను కాపాడుట వంటివి చేతులతో చేసి నేర్చుకొనిరి. ఆయన 2013లో గతించెను. మగన్‌వాడిలో మొదలైన పాఠము ఈ విధముగా మన వాకిటివరకు వచ్చినది.

మరియొక సంగతి తెలుగు ఉపాధ్యాయుడుగా చెప్పక తప్పదు. పని పోయినప్పుడు పనితోపాటు మాట గూడ పోవును. గానుగను సెక్కు అనియు, తెలగపిండిని పుణ్ణాక్కు అనియు, రోకలిని ఉలక్కై అనియు మన పిల్లలు తమిళమున ఎరుగుదురు. అది మంచిదే, ఈ నేల భాష అది. కాని వారి అవ్వలకు గానుగ, తెలగపిండి, రోకలి, చేట, తవుడు, ముంత అను మాటలు పుస్తకమునుండి రాలేదు; చేతి పనినుండి వచ్చినవి. తరతరములుగా ఈ రేగడిలో దున్ని, దంపి, వడికి బ్రతికిన తెలుగు కుటుంబములలో భాషను నిలిపినది బడి కాదు, పని. మనము ఆ పనిని మరచి బడిలో మాత్రము తెలుగును కాపాడుదమనినచో, అది వేరు నరికి ఆకులపై నీరు చల్లినట్లే యగును.

కావున బాలబాలికలారా, మీకొక పని చెప్పుచున్నాను. రాబోవు సెలవులలో మీ ఇంటి పెద్దలలో ఒకరి వద్ద కూర్చుండి, వారికి చేతనైన ఒక పనిని నేర్చుకొనుడు. విత్తనములను బూడిదలో కలిపి దాచుట కానిండు, తాటాకు బుట్ట అల్లుట కానిండు, పెంటపోగు పేర్చుట కానిండు, వేరుశనగ మిఠాయికి పాకము పట్టుట కానిండు. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కోవిల్‌పట్టి మిఠాయియు అట్టి చేతిపాకమునుండియే గదా పుట్టినది! పని నేర్చుచు, అందులోని ప్రతి పనిముట్టు పేరును, ప్రతి మెట్టు పేరును అవ్వ చెప్పిన తెలుగులోనే వ్రాసికొనుడు. దాని ఖర్చును, రాబడిని గూడ కుమారప్ప వలె లెక్కవేయుడు: ఏమి కొన్నాము, ఏమి వ్యర్థమైనది, ఏమి నేలకు మరల చేరినది? ఆ కాగితములను బడికి తెచ్చినచో అందరము కలిసి చదువుదము.

తల్లిదండ్రులకు ఒక మనవి. బిడ్డ వైద్యుడు కావచ్చును, ఇంజనీరు కావచ్చును, కుమారప్ప వలె ఆడిటరు గూడ కావచ్చును. కావలెననియే మా కోరిక. లండను, న్యూయార్కు చూచిన ఆ మనిషి కల్లుపట్టిలోని చిన్న గదిలో తక్కువవాడు కాలేదు. చదువు ఎంత పైకి పోయినను చేతులు నేల నెరిగియుండుటయే ఆయన జీవితపు సారము. కల్లుపట్టి బస్సు ఎక్కినప్పుడు ఒకసారి అచట దిగి, ఆ ఆశ్రమమును పిల్లలకు చూపుడు.